1983 వరంగల్‌కు ఎప్పుడు వచ్చింది?

1983లో భారత్, పాకిస్తాన్ క్రికెట్ జట్లు హైదరాబాద్‌లో ఎన్నిసార్లు తలపడ్డాయి? హనుమకొండలో పోటీ పరీక్షలకు చదివే అభ్యర్థిని అడిగితే 'ఒకసారి' అనే జవాబు రావడానికే ఎక్కువ అవకాశం. ఆ జవాబుకు ఆధారం కూడా ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్ 10న లాల్ బహదూర్ స్టేడియంలో రెండు జట్లూ వన్డే ఆడాయి. ఆ మైదానంలో జరిగిన తొలి అంతర్జాతీయ వన్డే అదే. భారత్ 4 వికెట్ల తేడాతో గెలిచింది.

అయితే అదే సంవత్సరం జనవరి 14 నుంచి 19 వరకు ఈ రెండు జట్లే హైదరాబాద్‌లో టెస్టు కూడా ఆడాయి. ఆ హైదరాబాద్ పాకిస్తాన్‌లోని సింధ్‌లో ఉంది. అక్కడి నియాజ్ స్టేడియంలో ముదస్సర్ నజర్ 231 పరుగులు, జావెద్ మియందాద్ అజేయంగా 280 పరుగులు చేశారు. ఇద్దరూ కలిసి మూడో వికెట్‌కు జోడించిన 451 పరుగులు, 1934లో ఆస్ట్రేలియా ఆటగాళ్లు పాన్స్‌ఫర్డ్, బ్రాడ్‌మన్ జంట నెలకొల్పిన టెస్టు భాగస్వామ్య రికార్డుతో సరిగ్గా సమానం. మియందాద్ ముచ్చటగా మూడు వందలు పూర్తి చేయకముందే కెప్టెన్ ఇమ్రాన్ ఖాన్ ఇన్నింగ్స్ డిక్లేర్ చేశాడు. భారత్ ఇన్నింగ్స్ 119 పరుగుల తేడాతో చిత్తుగా ఓడింది. ఆ ఓటమిలో ఒక చిన్న ఊరట ఉంది. బల్వీందర్ సంధూ అనే బౌలర్ తన తొలి టెస్టులోనే కింది వరుసలో వచ్చి 71 పరుగులు కొట్టాడు. అయిదు నెలల తర్వాత లార్డ్స్‌లో ప్రపంచ కప్ ఫైనల్లో వెస్టిండీస్ ఓపెనర్ గ్రీనిడ్జ్ బ్యాటు పైకెత్తి వదిలేసిన బంతి వికెట్లను గిరాటేసింది కదా, ఆ బంతి వేసింది ఈ సంధూయే.

ఇదంతా సింధ్‌లో జరుగుతున్న వారంలో మన హైదరాబాద్ పేరు పత్రికల్లో మరో కారణంగా మారుమోగుతోంది. పార్టీ పెట్టిన తొమ్మిది నెలలకే 294 స్థానాల శాసనసభలో 200కు పైగా గెలిచిన ఎన్టీ రామారావు, జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. ఎనిమిది నెలల తేడాతో అదే మైదానం ఒక సినిమా నటుడి పట్టాభిషేకాన్నీ, ప్రపంచ విజేతల ఆటనూ చూసింది. 1983 గురించి క్విజ్ తయారు చేసేవారికి ఇంతకంటే చక్కని ప్రశ్న దొరకదు. అయినా ఇది ఎక్కడా పెద్దగా కనిపించదు. ఎన్నికలు రాజకీయాల పేజీలోకి, క్రికెట్ ఆటల పేజీలోకి పోతాయి మరి.

ఒక సంవత్సరాన్ని తీసుకుని దాని ఆటలు, సినిమాలు, పాటలు బిట్లుగా మార్చే ఆట మనకు కొత్త కాదు. కళాశాల వార్షికోత్సవాల్లో, బిట్ బ్యాంకుల్లో, ఇప్పుడు ఫోన్లలో తిరిగే ప్రశ్నల్లో ఆ ఆట సాగుతూనే ఉంది. అందులో దాగి ఉన్న లోపాన్ని మాత్రం ఎవరూ పట్టించుకోరు. ప్రతి సంఘటనకూ ఒకే తేదీ ఉంటుందని ఈ ఆట నమ్ముతుంది. నిజానికి జరిగిన తేదీ ఒకటి, కబురు అందిన తేదీ ఒకటి, కంటపడిన తేదీ మరొకటి. లండన్‌లోనో బొంబాయిలోనో ఉన్నవారికి ఈ మూడూ దాదాపు ఒకే రోజు కావచ్చు. 1983 నాటి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో మాత్రం వాటి మధ్య రోజులు, నెలలు, కొన్నిసార్లు ఏళ్లు గడిచాయి. ఉత్తర తెలంగాణ గుర్తుంచుకునే 1983లో సగం ఆ తర్వాతి సంవత్సరాల్లో చేరినదే.

ఆ ఏటికి తలమానికమైన జూన్ 25నే చూడండి. అప్పటికి రెండుసార్లు ప్రపంచ విజేతగా నిలిచిన వెస్టిండీస్‌పై, అప్పట్లో పత్రికలు ప్రుడెన్షియల్ కప్ అని రాసిన ప్రపంచ కప్ ఫైనల్లో భారత్ 54.4 ఓవర్లలో 183 పరుగులకే ఆలౌట్ అయింది. అప్పట్లో వన్డే అంటే 60 ఓవర్లు, తెల్ల దుస్తులు, ఎర్ర బంతి. అత్యధిక స్కోరు శ్రీకాంత్ 38. తర్వాత మదన్‌లాల్ బంతిని రిచర్డ్స్ గాల్లోకి లేపితే, కపిల్‌దేవ్ వెనక్కి పరుగెత్తి అందుకున్నాడు. వెస్టిండీస్ 140కి కుప్పకూలింది. 26 పరుగులు చేసి, 12 పరుగులకే 3 వికెట్లు తీసిన మొహిందర్ అమర్‌నాథ్ సెమీఫైనల్లోలాగే ఇక్కడా ఉత్తమ ఆటగాడయ్యాడు.

మన గడియారంలో చివరి వికెట్ పడేసరికి దాదాపు అర్ధరాత్రి. ఆ సమయంలో వరంగల్‌లో ఎవరికి ఏమి అందింది? హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం 1977 అక్టోబర్‌లోనే మొదలైంది. కానీ అక్కడి నుంచి వరంగల్ దాదాపు 140 కిలోమీటర్లు. మేడ మీద మామూలు యాంటెనా నిలబెడితే అంత దూరం నుంచి బొమ్మ పట్టడం కల్ల. ఇన్‌శాట్-1బి ఉపగ్రహం ఆ ఏడాది ఆగస్టు 30న, అంటే కప్పు గెలిచిన రెండు నెలలకు నింగికి ఎగిరింది. చిన్న పట్టణాలకు తక్కువ శక్తి ట్రాన్స్‌మిటర్లు వెల్లువలా వచ్చింది 1984లో. ఆ ఏడాది ద్వితీయార్ధంలో దేశమంతటా దాదాపు రోజుకొకటి చొప్పున ప్రారంభించారు. వరంగల్‌కు, ఆదిలాబాద్‌కు సొంత ఆకాశవాణి కేంద్రాలు కూడా అప్పటికి లేవు. మిగిలింది ట్రాన్సిస్టర్. గరగరల మధ్య హిందీలోనో ఇంగ్లిషులోనో వినిపించే వ్యాఖ్యానం, దాన్ని పక్కవారికి తెలుగు చేసి చెప్పే ఒక పెద్దమనిషి.

పత్రికల సంగతి ఇంకా చిత్రంగా ఉంటుంది. రాజధానిలో అచ్చయి దూర జిల్లాలకు బస్సుల్లో, రైళ్లలో వెళ్లే ప్రతులను డాక్ ఎడిషన్ అనేవారు. నగరపు ప్రతికంటే కొన్ని గంటలు ముందే దాని పేజీలు మూసేయాలి. అర్ధరాత్రి తేలిన ఫలితాన్ని అందులో పట్టించడం ఏ డెస్కుకైనా కత్తి మీద సామే. అందుకే ఆదివారం తెల్లవారాక కూడా కబురు పేపర్ కంటే ముందు రేడియో వార్తల్లోనూ, హోటల్ బల్లల దగ్గరా నడిచి ఉంటుందని ఊహించడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. లార్డ్స్ బాల్కనీలో కపిల్ కప్పు పట్టుకుని నవ్వే రంగుల చిత్రం ఈరోజు అందరి కళ్లలోనూ ఉంది. 1983 జూన్‌లో వరంగల్‌లో దానికి దగ్గరగా ఎవరైనా ఏదైనా చూశారంటే, అది పత్రికలోని నలుపు తెలుపు చుక్కల బొమ్మే.

ఆ టోర్నీలోని మరో ఆటనైతే వరంగల్ ఒక్కటే కాదు, ప్రపంచమే చూడలేదు. జూన్ 18న టన్‌బ్రిడ్జ్ వెల్స్‌లో జింబాబ్వేపై భారత్ 17 పరుగులకు 5 వికెట్లు పోగొట్టుకున్న స్థితి నుంచి కపిల్‌దేవ్ 138 బంతుల్లో 175 పరుగులు చేసి నాటౌట్‌గా నిలిచాడు. ఇందులో 16 ఫోర్లు, 6 సిక్సర్లు. కిర్మాణీ 24 పరుగులతో తోడు నిలబడగా ఇద్దరూ విడిపోకుండా తొమ్మిదో వికెట్‌కు 126 జోడించారు. అప్పటికి వన్డేల్లో అదే అత్యధిక వ్యక్తిగత స్కోరు. ఆ మ్యాచ్ వీడియో లేదు. బీబీసీ సిబ్బంది సమ్మె వల్లే లేదని తరతరాలుగా చెప్పుకుంటారు. కారణం ఏదైనా, కెమెరా లేదన్నది ఖాయం. అయినా ఆ ఇన్నింగ్స్ 'చూసిన' వారు నేడు కోట్లలో ఉన్నారు. 2021 డిసెంబర్‌లో వచ్చిన హిందీ సినిమాలో రణ్‌వీర్ సింగ్ ఆడినది వారి కళ్లలో కపిల్ ఆటగా నిలిచిపోయింది. జరిగింది 1983లో, కనిపించింది 38 ఏళ్ల తర్వాత. ఆ స్కోర్లను బట్టీ పట్టిన పాతతరం రేడియో శ్రోతకు ఈ విషయంలో కొత్తతరం మీద చిన్న పైచేయి ఉంది: తన ఊహలోని షాట్లను ఏ దర్శకుడూ చెరపలేదు.

జ్ఞాపకం ఏది దాచుకుంటుందో, ఏది జారవిడుస్తుందో కూడా గమనించాలి. కప్పు పోగొట్టుకున్న వెస్టిండీస్ ఆ అక్టోబర్‌లోనే భారత్‌కు వచ్చి అయిదు వన్డేల్లో అయిదూ, ఆరు టెస్టుల్లో మూడూ గెలుచుకుని పోయింది. ఒక్క టెస్టు కూడా మనకు దక్కలేదు. 1983 బిట్లలో ఈ 5-0 ఎక్కడా కనిపించదు. ఆ సిరీస్ నుంచి రెండు మెరుపులు మాత్రం ఏరుకున్నారు. ఢిల్లీలో గవాస్కర్ 29వ టెస్టు శతకంతో అత్యధిక శతకాల రికార్డులో బ్రాడ్‌మన్‌ను అందుకుని, డిసెంబర్‌లో మద్రాసులో అజేయంగా 236 పరుగులు చేసి 30వ శతకంతో ఆయనను దాటాడు. అహ్మదాబాద్‌లో కపిల్ ఒకే ఇన్నింగ్స్‌లో 83 పరుగులకు 9 వికెట్లు తీశాడు. '83లో 83 అని గుర్తుంచుకోవడం సులువు కాబట్టి ఇది క్విజ్‌లకు ఇష్టమైన అంకె. ఆ మ్యాచ్‌లోనూ ఓడింది మనమే అన్న ముక్క బిట్‌లో పట్టదు. అదే ఏట కోపెన్‌హేగెన్‌లో ప్రపంచ బ్యాడ్మింటన్ కాంస్యం తెచ్చిన ప్రకాశ్ పదుకొనే, హెల్సింకిలో మొట్టమొదటి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీల్లో మూడు స్వర్ణాలు కొట్టిన కార్ల్ లూయిస్ కూడా కప్పు నీడలో ఒక్కో వాక్యానికి కుదించుకుపోయారు.

సినిమాల దగ్గరికి వస్తే తేదీల చిక్కు ఇంకా ముదురుతుంది. చిరంజీవిని అగ్రశ్రేణి తారగా నిలబెట్టిన 'ఖైదీ' విడుదల 1983 అక్టోబర్ 28. క్విజ్‌కు అంతే చాలు. కానీ ఆ రోజుల్లో ఒక సినిమా ఒకే రోజున ఊరూరా దిగేది కాదు. పంపిణీ లెక్కల్లో తెలంగాణ ప్రాంతమంతా నైజాం. అందులోనూ ఏ సెంటర్, బి సెంటర్, సి సెంటర్ అని మెట్లుండేవి. ప్రింట్లు తక్కువ కావడంతో పెద్ద పట్టణంలో ఆడినన్నాళ్లు ఆడాకే రీళ్ల పెట్టెలు చిన్న పట్టణానికి, అక్కడి నుంచి టూరింగ్ టాకీసుకు కదిలేవి. గీతలు పడి, అక్కడక్కడా తెగి అతికిన ప్రింటే చివరి మజిలీకి చేరేది. అక్టోబర్ ఆఖరులో విడుదలైన సినిమా ఏటూరునాగారం వైపో, చెన్నూరు వైపో వెళ్లేసరికి క్యాలెండర్ మారిపోవడం మామూలు. అక్కడి ప్రేక్షకుడు 'ఖైదీ'ని 1984 సినిమా అని వాదిస్తే తప్పుపట్టడం ఎలా? తన ఊరి లెక్క ప్రకారం అతను చెప్పింది నిజమే.

దీనికి పూర్తిగా ఎదురు నడిచిన ఉదాహరణ ఒకటుంది. 1983లో హిందీ ప్రపంచాన్ని ఊపేసి, శ్రీదేవిని అక్కడ తారను చేసిన సినిమా 'హిమ్మత్‌వాలా'. బొంబాయి పత్రికలకు అదొక కొత్త గాలి. వరంగల్ ప్రేక్షకుడికి మాత్రం పాత కథ. కృష్ణ, జయప్రద నటించగా 1981లో వచ్చిన 'ఊరుకి మొనగాడు'కు అది హిందీ రూపం. రెండింటికీ దర్శకుడు కె. రాఘవేంద్రరావే. హిందీలో తీసినది కృష్ణ కుటుంబ సంస్థ పద్మాలయా. కొత్తదనం ఎప్పుడూ బొంబాయి నుంచి జిల్లాలకు దిగివస్తుందనుకునే వారికి ఈ జంటను ముందు పెడితే చాలు. ఇక్కడ రెండేళ్లు వెనుకబడింది బొంబాయి.

మైకేల్ జాక్సన్ 'థ్రిల్లర్' దారి మరీ మెలికలు తిరిగింది. ఆల్బమ్ వచ్చింది 1982 నవంబర్ చివర్లో. అమెరికా టీవీలో ప్రేక్షకులు 'మూన్‌వాక్' చూసింది 1983 మేలో. దయ్యాలు చిందులు వేసే ఆ పొడవాటి వీడియో అదే ఏడాది డిసెంబర్‌లో వచ్చింది. తెలుగు జిల్లాల్లో దాని ఆనవాలు ఎక్కువమందికి కనిపించినది 1985లో, 'దొంగ' సినిమాలో చిరంజీవి ఎర్ర జాకెట్‌తో శ్మశానంలో ఆడిన 'గోలీమార్' పాటలో. ఆ తర్వాత రెండు దశాబ్దాలకు ఇంటర్నెట్‌లో ఆ పాట విదేశీయుల కంటపడి నవ్వులు పూయించింది. అంటే అసలు చూసినవారికి నకలు చేరడానికి ఇరవై ఏళ్లు పట్టింది. నకలు చూసినవారికి అసలు ఎప్పుడు చేరిందో ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. 'థ్రిల్లర్ ఏ సంవత్సరానిది?' అని మూడు ముక్కల్లో అడిగే ప్రశ్నకు సరైన జవాబు 'ఏ థ్రిల్లర్?' అన్న ఎదురు ప్రశ్నే.

పురస్కారాలదీ ఇదే తంతు. 'గాంధీ' 1982 సినిమా, ఎనిమిది ఆస్కార్లు అందుకున్నది 1983 ఏప్రిల్‌లో. దుస్తుల రూపకల్పనకు జాన్ మోల్లోతో కలిసి భాను అథయ్యా తీసుకున్నదే భారతీయులకు దక్కిన తొలి ఆస్కార్. ఇక 1983 జూన్ 3న విడుదలైన 'సాగరసంగమం' ఇళయరాజాకు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి జాతీయ పురస్కారాలు తెచ్చింది. అవి 1983వ సంవత్సరానివే అయినా ప్రకటించింది మరుసటి ఏడాది. రెండు బిట్ బ్యాంకుల్లో రెండు సంవత్సరాలు కనిపిస్తే ఒకటి తప్పని కొట్టిపారేయకూడదు. ఒకటి సినిమా ఏడు, మరొకటి పురస్కారం ఏడు. ప్రశ్న రాసినవారు ఆ తేడా చెప్పకపోవడమే అసలు తప్పు.

అదే పురస్కారాల జాబితాలో ఉత్తమ తెలుగు చిత్రం పేరు ఏమిటని అడిగితే చాలామంది తడబడతారు. 'సాగరసంగమం' అంటారు. అది 'రంగుల కల'. గజ్వేల్ దగ్గరి ప్రజ్ఞాపూర్‌కు చెందిన బి. నర్సింగరావు తీసిన సినిమా. బతుకు బాధల మధ్య ఒక చిత్రకారుడు వెతుక్కునే దారి దాని కథ, గద్దర్ గొంతు దాని బలం. తెలంగాణ మట్టి నుంచి పుట్టి 1983కు జాతీయ గుర్తింపు తెచ్చిన సినిమా ఇదొక్కటే అనదగ్గది, అయినా మన క్విజ్‌లలో దీని జాడ తక్కువ. వంద రోజులు ఆడలేదు, బస్టాండు గోడల మీద పోస్టర్లు మిగల్లేదు. బిట్లు రాసేవారు థియేటర్ లెక్కలనే చరిత్ర అనుకున్నంతకాలం ఇలాంటివి జారిపోతూనే ఉంటాయి.

ఇక్కడివారు ఏళ్లను లెక్కించే పద్ధతి కూడా వేరు. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది, సరిసంఖ్య ఏళ్లలో. కాబట్టి 1983 జాతర లేని ఏడు. 1982 జాతరకూ 1984 జాతరకూ నడుమన ఉన్న ఏడు. పల్లెల్లో పెద్దవారిని 'ప్రపంచ కప్పు ఏడాది' అని అడిగితే గుర్తుకు రానిది, 'పోయిన జాతర అయిపోయాక, రామారావు గెలిచిన ఏడాది' అంటే టక్కున తడుతుంది. పంచాంగం దాన్ని ఇంకోలా కోస్తుంది. ఏప్రిల్ మధ్యలో వచ్చిన ఉగాది వరకు దుందుభి, ఆ తర్వాత రుధిరోద్గారి. ఆ లెక్కన ఎన్టీఆర్ ప్రమాణం, మియందాద్ 280 ఒక సంవత్సరానివి. కపిల్ కప్పు, చిరంజీవి 'ఖైదీ' మరో సంవత్సరానివి. గోదావరిఖని వైపు వెళ్తే 1983కు ఇంకో గుర్తు ఉంది: రామగుండం ఎన్టీపీసీ మొదటి 200 మెగావాట్ల యూనిట్. ఆటలు, సినిమాల క్విజ్‌కు అది పనికిరాదనిపించవచ్చు. మరుసటి ఏడాది నుంచి ఊళ్లలోకి వచ్చిన టీవీలకు కరెంటు కావాలన్నది మరచిపోతే తప్ప.

క్విజ్ రాసేవారికి దీంట్లో చిక్కు ఉంది, వెసులుబాటూ ఉంది. ఒకే జవాబు రావాలంటే ప్రశ్నలోనే 'విడుదల', 'ప్రకటన', 'తొలి ప్రసారం' అని తేల్చి చెప్పాలి. పరీక్షకైతే అది తప్పనిసరి; ఒక్క బిట్ మీద ఉద్యోగం ఆగిపోయే చోట అస్పష్టత అన్యాయం. సరదా క్విజ్‌కైతే 'మన ఊరికి ఎప్పుడు వచ్చింది?' అన్న రెండో ప్రశ్న జోడిస్తే అసలు ఆట అక్కడే మొదలవుతుంది. ఎందుకంటే ఆ జవాబు ఏ పుస్తకంలోనూ దొరకదు, ఇంట్లో పెద్దవారిని అడగాల్సిందే.

చివరగా, ఆ కప్పులో తెలంగాణ వాటా ఎంత అన్న ప్రశ్న. వరంగల్ క్విజ్‌లలో దీనికి అజహరుద్దీన్ పేరు రాసేవారు ఇప్పటికీ ఉన్నారు. అతను భారత్ తరఫున తొలి టెస్టు ఆడింది 1984 డిసెంబర్ 31న మొదలైన కలకత్తా మ్యాచ్‌లో. శివలాల్ యాదవ్ పేరూ వినిపిస్తుంది, ఆయన కూడా ఆ జట్టులో లేడు. సరైన జవాబు సునీల్ వాల్సన్. 14 మంది జట్టులో ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఏకైక ఆటగాడు, ఆ తర్వాత కూడా అంతర్జాతీయ మ్యాచ్ ఆడే అవకాశం రాని ఎడమచేతి పేసర్. పుట్టింది సికింద్రాబాద్‌లో. కానీ 'హైదరాబాద్ ఆటగాడు' అని రాస్తే సగం మార్కులే ఇవ్వాలి. దేశవాళీ క్రికెట్‌లో అతను ఆడింది ఢిల్లీ, తమిళనాడు, రైల్వేస్ జట్లకు.